ఈతకొలనులో ఏ మందు వేయాలి? కొనే ముందు మూడు ప్రశ్నలు

ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వైపు సాగే దారికి ఇరువైపులా ఒకప్పుడు మామిడితోటలు, జామాయిల్ తోటలు, వాటి వెనుక అడవి మాత్రమే కనిపించేవి. ఇప్పుడు ఆ తోటల నడుమ ఫామ్‌హౌసులు వెలిశాయి. కొన్నింటి వెనుక నీలిరంగు టైల్స్ పరచిన చిన్న ఈతకొలనులు కూడా వచ్చాయి. వేసవి సెలవులకు హైదరాబాదు నుంచో, అమెరికా నుంచో మనుమలు వస్తున్నారంటే తాతలు బోరు వేసి కొలను నింపుతారు. ఆ తరువాత వారిలో కొందరు నాకు ఫోను చేస్తారు. “డాక్టరు గారూ, నీళ్ళలో ఏ మందు వేయమంటారు?”

ఈ ప్రశ్న వైద్యుణ్ణి అడగడం సమంజసమే. నా ఉద్యోగ జీవితంలో రోగులకు రాసిన మందుల కంటే బావులలో వేయించిన బ్లీచింగ్ పౌడరు ఎక్కువ మంది ప్రాణాలు కాపాడిందని నేను నమ్ముతాను. అయితే ఫోనులో అడిగిన వెంటనే నేను మందు పేరు చెప్పను. ముందుగా మూడు ప్రశ్నలు అడుగుతాను. ఆ నీరు ఎక్కడిది? కొలను మీద ఎండ ఎంతసేపు పడుతుంది? మందు పోసే మనిషి ఎవరు? మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం వెంటనే వస్తుంది. మూడవ ప్రశ్నకు మాత్రం “దానితో పనేముంది?” అన్నట్లుగా ఒక క్షణం నిశ్శబ్దం ఉంటుంది. నిజానికి ఈ వ్యాసం రాయడానికి ఆ నిశ్శబ్దమే కారణం.

మొదట క్లోరిన్ ఎందుకో చూద్దాం. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీకి వెళ్ళే తాగునీటిలో నిత్యం క్లోరిన్ కలిపే ఏర్పాటు చేసినవాడు జాన్ లీల్ అనే వైద్యుడు. నీటిలో రసాయనం కలపడమేమిటని ఆనాడు వివాదం న్యాయస్థానం దాకా వెళ్ళింది. తీర్పు ఆయన పద్ధతికి అనుకూలంగా వచ్చింది. ఆ తరువాత టైఫాయిడ్, కలరా వంటి వ్యాధులను అదుపు చేయడంలో క్లోరిన్ పాత్ర ఎంతటిదో వైద్య విద్యార్థులందరికీ తెలుసు. ఈతకొలనులోనూ దాని పని అదే. లీటరుకు 1 మిల్లీగ్రాము, అంటే 1 పీపీఎం స్వేచ్ఛా క్లోరిన్ ఉన్న నీటిలో సాధారణ ఇ.కోలై సూక్ష్మజీవి ఒక్క నిమిషంలోపే నశిస్తుంది. పచ్చకామెర్లు కలిగించే హెపటైటిస్-ఎ వైరస్‌కు సుమారు 16 నిమిషాలు, జియార్డియాకు 45 నిమిషాలు పడుతుంది. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మాత్రం అదే నీటిలో పది రోజులకు పైగా బతకగలదు. అందుకే విరేచనాలతో బాధపడుతున్న పిల్లలను కొలనులోకి దింపకూడదు. క్రిప్టోస్పోరిడియం అని నిర్ధారణ అయితే విరేచనాలు తగ్గిన తరువాత కూడా రెండు వారాలు ఆగాలి. 2024లో కేరళలో కుంటలలో, చెరువులలో స్నానం చేసిన కొందరు పిల్లలు నెగ్లేరియా అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరి మరణించిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. గోరువెచ్చగా, మురికిగా, క్లోరిన్ లేకుండా నిలిచిన నీరే దానికి ఆవాసం. క్లోరిన్ సరిగా ఉన్న కొలనులో అది నిలవలేదు.

క్లోరిన్ గురించి నేను నేర్చుకున్న పాఠాలు చాలావరకు గోదావరి వరదల నాటివి. 1986 ఆగస్టు 16న భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. చివరిదైన మూడవ ప్రమాద హెచ్చరికను 53 అడుగుల వద్దే జారీ చేస్తారంటే ఆ వరద ఎంతటిదో ఊహించుకోవచ్చు. అప్పుడు నేను ఏజెన్సీలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుణ్ణి. నీరు తీసిన తరువాత గూడెం గూడేనికీ తిరిగి బావులను శుద్ధి చేయించాము. బ్లీచింగ్ పౌడరును నేరుగా బావిలో చల్లకూడదు. ఒక బకెట్టుకు 100 గ్రాములకు మించకుండా తీసుకుని, కొద్ది నీటితో ముద్దగా కలిపి, తరువాత ముప్పాతిక బకెట్టు నీరు పోసి, పది నిమిషాలు తేరనివ్వాలి. పైన తేరిన ద్రావణాన్నే బావిలోకి దింపి కలియబెట్టాలి. అడుగున మిగిలిన సున్నపు మడ్డిని పారబోయాలి, లేకుంటే నీటి కాఠిన్యం పెరుగుతుంది. గంట తరువాత ఆర్థోటాలిడిన్ చుక్కలు వేసి చూసేవాళ్ళం. నీరు పసుపు రంగుకు తిరిగితే క్లోరిన్ మిగిలి ఉన్నట్లు. తాగునీటిలో గంట గడిచాక 0.5 పీపీఎం మిగలాలన్నది నియమం. తాజా పౌడరులో మూడో వంతు క్లోరిన్ ఉంటుంది గాని, మూతి విప్పిన సంచి తేమలో నెల రోజులు ఉంటే అందులో మిగిలేది ఎక్కువగా సున్నమే. ఎంత వేశామన్నది ముఖ్యం కాదు, ఎంత మిగిలిందన్నదే ముఖ్యం. ఈ సూత్రం బావికీ కొలనుకూ ఒక్కటే.

ఇక మొదటి ప్రశ్న: నీరు ఎక్కడిది? మన ప్రాంతంలో ఇంటి కొలనును నింపేది చాలావరకు బోరు నీరే. చాలా బోర్ల నీరు కఠినం. సబ్బు నురగ రాదు, గిన్నె అడుగున తెల్లని పొర కడుతుంది. కొన్ని బోర్లలో ఇనుము ఎక్కువ. అటువంటి నీరు బోరు నుంచి తేటగానే వచ్చి, క్లోరిన్ తగిలిన గంటలో టీ రంగుకు మారుతుంది. అది మందు చెడిపోయిందనడానికి గుర్తు కాదు. కరిగి ఉన్న ఇనుము తుప్పుగా మారి బయటపడుతున్నదన్నమాట. దాన్ని ఫిల్టరు ద్వారా తొలగించాలి గాని ఇంకా మందు పోస్తూ పోకూడదు. కాబట్టి కొలను నింపే ముందు ఒక సీసా నీటిని పరీక్షశాలకు పంపి పీహెచ్, కాఠిన్యం, క్షారత, ఇనుము ఎంతెంత ఉన్నాయో తెలుసుకోవడం మొదటి ఖర్చు కావాలి.

వీటిలో పీహెచ్ అన్నిటికంటే ముఖ్యం. క్లోరిన్ నీటిలో కలిసినప్పుడు రెండు రూపాలుగా ఉంటుంది. హైపోక్లోరస్ ఆమ్లం చురుకైనది, హైపోక్లోరైట్ అయాను మందకొడిది. సూక్ష్మజీవులను చంపడంలో మొదటిది రెండవదానికంటే 70 నుంచి 80 రెట్లు శక్తిమంతమని మా పాఠ్యగ్రంథాలు చెప్పేవి. పీహెచ్ 7.5 దగ్గర రెండూ ఇంచుమించు సగం సగం ఉంటాయి. 8కి చేరితే చురుకైన భాగం నాలుగో వంతుకు పడిపోతుంది. అంటే పీహెచ్ ఎక్కువగా ఉన్న నీటిలో మందు ఎంత పోసినా చాలావరకు నిద్రలోనే ఉంటుంది. పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య, మొత్తం క్షారత 80 నుంచి 120 పీపీఎం మధ్య, స్వేచ్ఛా క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం మధ్య ఉంచితే ఇంటి కొలనుకు సరిపోతుంది. క్షారత తక్కువైతే వంటసోడా, పీహెచ్ తక్కువైతే చాకలి సోడా, పీహెచ్ ఎక్కువైతే పలుచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం లేదా సోడియం బైసల్ఫేట్ వాడతారు.

ఇప్పుడు దుకాణంలో దొరికే క్లోరిన్ రకాలు చూద్దాం. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.25 మీటర్ల లోతు ఉన్న కొలనులో 40,000 లీటర్ల నీరు పడుతుంది. అందులో 1 పీపీఎం క్లోరిన్ పెంచాలంటే 40 గ్రాముల క్లోరిన్ కావాలి. అది 10 శాతం ద్రవ సోడియం హైపోక్లోరైట్ అయితే 400 మిల్లీలీటర్లు, 65 శాతం కాల్షియం హైపోక్లోరైట్ అయితే దాదాపు 62 గ్రాములు, 90 శాతం ట్రైక్లోరో బిళ్ళలయితే దాదాపు 44 గ్రాములు, తాజా బ్లీచింగ్ పౌడరు అయితే 120 గ్రాములు. తూకం చూస్తే ట్రైక్లోరో లాభసాటిగా కనిపిస్తుంది. కాని ప్రతి మందూ క్లోరిన్‌తో పాటు మరొకదాన్ని కూడా నీటిలో వదిలిపెడుతుంది. బ్లీచింగ్ పౌడరు సున్నాన్ని వదిలి నీటిని పాలలా మసక చేస్తుంది. కాల్షియం హైపోక్లోరైట్ కాఠిన్యాన్ని పెంచుతుంది. అసలే కఠినమైన బోరు నీటిలో దాన్ని నిత్యం వాడితే టైల్స్ మీద, పైపులలో గార కడుతుంది. ద్రవ హైపోక్లోరైట్ పోసినప్పుడు పీహెచ్ కొంత పెరిగినా చివరకు మిగిలేది కాసింత ఉప్పే. ట్రైక్లోరో ఏమి వదులుతుందో తెలియాలంటే రెండవ ప్రశ్న దగ్గరకు రావాలి.

ఎండ ఎంతసేపు? కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతపు రోహిణి కార్తె ఎండను నేను వర్ణించనక్కరలేదు. ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలు, రక్షణ లేని క్లోరిన్‌లో సగాన్ని గంటలోపే విరిచేస్తాయి. ఉదయం ఎనిమిదింటికి పోసిన మందు పిల్లలు దిగే వేళకు ఉండదు. దీనికి విరుగుడుగా సయాన్యూరిక్ ఆమ్లం అనే స్థిరీకారిని వాడతారు. అది క్లోరిన్‌ను పట్టి ఉంచి, ఎండ నుంచి కాపాడి, కొద్దికొద్దిగా విడుదల చేస్తుంది. 30 నుంచి 50 పీపీఎం ఉంటే మేలు. అంతకు మించితే క్లోరిన్‌ను గట్టిగా పట్టేసి పని చేయనివ్వదు. ట్రైక్లోరో బిళ్ళలో ఈ ఆమ్లం ముందే కలిసి ఉంటుంది. బిళ్ళ కరిగి 1 పీపీఎం క్లోరిన్ ఇచ్చిన ప్రతిసారీ 0.6 పీపీఎం సయాన్యూరిక్ ఆమ్లం నీటిలో చేరుతుంది. రోజుకు 3 పీపీఎం క్లోరిన్ ఖర్చయ్యే వేసవిలో నెల తిరిగేసరికి అది 54 పీపీఎం అవుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది గాని ఆ ఆమ్లం ఎక్కడికీ పోదు. ఇంటి యజమాని చేయగలిగినదల్లా కొంత నీరు తోడేసి కొత్త నీరు నింపడమే. “మొదటి నెల బాగానే పనిచేసింది, ఇప్పుడు బిళ్ళలు రెట్టింపు వేసినా నీరు పచ్చబడుతోంది” అని చెప్పేవారి కొలనులో ఎక్కువసార్లు జరిగింది ఇదే.

పచ్చబడిన నీటికి మన రైతులకు వెంటనే తోచే మందు మైలుతుత్తం. బోర్డో మిశ్రమం కలిపిన అలవాటు అది. నాచును అది చంపే మాట నిజమే. కాని రాగి నీటిలోనే ఉండిపోయి గోడలకు మరకలు, తెల్లని జుట్టుకు పచ్చదనం తెస్తుంది. సూక్ష్మజీవుల విషయంలో క్లోరిన్‌కు అది ప్రత్యామ్నాయం కాదు. ఒక మందు మీద మరొక మందు పోయడం ఎంత చేటో 2016 రియో ఒలింపిక్స్‌లో ప్రపంచమంతా చూసింది. డైవింగ్ పోటీల కొలను రాత్రికి రాత్రే ఆకుపచ్చగా మారిపోయింది. ఎవరో 80 లీటర్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపారని, అది క్లోరిన్‌ను నిర్వీర్యం చేసిందని నిర్వాహకులు తరువాత చెప్పారు. రెండూ శుద్ధి చేసేవే, కాని కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

నీరు మసకబారడాన్ని అందచందాల విషయంగా భావించకండి. కొలను అడుగున ఉన్న జాలీ పైనుంచి స్పష్టంగా కనిపించకపోతే, మునిగిన పిల్లవాడు కూడా కనిపించడు. అటువంటి నీటిలోకి ఎవరినీ దించకూడదు. అలాగే కొలను దగ్గర ఘాటైన వాసన వస్తే “మందు ఎక్కువైంది” అని చాలామంది మానేస్తారు. సాధారణంగా ఆ వాసన స్వచ్ఛమైన క్లోరిన్‌ది కాదు. చెమట, మూత్రాలతో క్లోరిన్ కలిసినప్పుడు పుట్టే క్లోరమైన్లది. కళ్ళు ఎర్రబడటానికీ, ఉబ్బసం ఉన్న పిల్లలకు దగ్గు రావడానికీ అవే ముఖ్య కారణం. మందు చాలక పోయినప్పుడు కూడా ఈ వాసన వస్తుంది. కాబట్టి ముక్కును నమ్మకండి, పరీక్ష పెట్టెను నమ్మండి. పిల్లలు దిగే ముందు సబ్బుతో స్నానం చేయించండి. ఏ రసాయనం చేయలేని మేలు అది చేస్తుంది.

ఇప్పుడు మూడవ ప్రశ్న. కొన్నేళ్ళ క్రితం, ఏప్రిల్ చివరలో, ఒక తోట నుంచి ఒక యువకుణ్ణి కారులో మా ఇంటికి తీసుకువచ్చారు. అడవి అంచున ఉన్న కోయగూడెం అతనిది. తోట కాపలా, మోటారు, మొక్కలు, కొలను అన్నీ అతని పనే. ఆగని దగ్గు, కళ్ళ వెంట ధారగా నీరు, ఒక మాట పూర్తి చేయలేని ఆయాసం. వెంటనే ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి పంపి, నేనూ వెంట వెళ్ళాను. డబ్బా అడుగున మిగిలిన కాల్షియం హైపోక్లోరైట్‌ను వృథా చేయడం ఎందుకని, కొత్తగా తెచ్చిన ట్రైక్లోరో పొడితో ఒకే బకెట్టులో వేసి నీరు పోశాడు. బకెట్టు బుసకొట్టి పొంగింది. “రెండూ తెల్లగానే ఉన్నాయి సారు. రెండూ ఈ నీళ్ళకే అని చెప్పారు” అన్నాడు మరునాడు, మాట వచ్చాక. అతను ఆశ్రమ పాఠశాలలో అయిదో తరగతి దాకా తెలుగు చదివాడు. డబ్బాల మీద హెచ్చరికలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. చదివినా అతనికి తెలిసేది కాదు, చదివి చెప్పవలసినవారు చదవలేదు.

అతను బతికాడు. కాని ఆ ఏడు తునికాకు కోతకు వెళ్ళలేకపోయాడు. ఏజెన్సీలో ఏడాది పొడవునా అప్పులు తీర్చే పది పదిహేను రోజుల సంపాదన అది. ఆసుపత్రి ఖర్చు యజమాని భరించారు. తునికాకు కోత నష్టాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

క్లోరిన్ వాయువు పీల్చినవారిని వెంటనే గాలి వీచే వైపుకు, ఆరుబయటికి తీసుకుపోవాలి. మందు పడిన బట్టలు తీసేసి, కళ్ళను మంచినీటితో కనీసం పావుగంట కడగాలి. పడుకోబెట్టకుండా కూర్చోబెట్టాలి. పాలు, పెరుగు పట్టిస్తూ కాలయాపన చేయవద్దు. దగ్గు తగ్గినట్లు కనిపించినా కొన్ని గంటల తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరే ప్రమాదం ఉంది. కనుక ఆసుపత్రిలో వైద్యుల పరిశీలనలో ఉంచవలసిందే.

అందుచేత నేనిచ్చే మొదటి సలహా ఇది: ఇంట్లో ఒకే రకం క్లోరిన్ ఉంచండి. మన బోరు నీటికి, మన ఎండకు ద్రవ సోడియం హైపోక్లోరైట్ అన్నిటికంటే అనుకూలమని నా అభిప్రాయం. వేడికి అది త్వరగా బలం కోల్పోతుంది గనుక రెండు వారాలకు సరిపడా మాత్రమే కొని నీడలో పెట్టండి. మొదట్లో ఒక్కసారి సయాన్యూరిక్ ఆమ్లాన్ని 30 పీపీఎం దాకా విడిగా వేసి, ఆ తరువాత రోజూ సూర్యాస్తమయం వేళ పరీక్ష చేసి క్లోరిన్ పోయండి. రాత్రంతా అది ఎండ బెడద లేకుండా పనిచేస్తుంది. సయాన్యూరిక్ ఆమ్లం వాడిన కొలనులో స్వేచ్ఛా క్లోరిన్ 2 పీపీఎంకు తగ్గకుండా చూడండి. రకం మార్చదలచుకుంటే పాతది పూర్తిగా అయిపోయాకే కొత్తది తెచ్చుకోండి. పాత కొలత గిన్నెనూ బకెట్టునూ కొత్తదానికి వాడకండి.

ఆమ్లాన్ని మాత్రం యజమాని తన చేత్తోనే పోయాలి. హైపోక్లోరైట్‌తో ఆమ్లం కలిస్తే విషవాయువు వెలువడుతుంది. కాబట్టి రెండింటినీ వేరువేరు గదులలో ఉంచి, వేరువేరు పూటలలో పోయాలి. ఎప్పుడూ నీటిలో మందు వేయాలి గాని మందు మీద నీరు పోయకూడదు. మన తోటలలో మోటారు షెడ్డే గోదాము. యూరియా బస్తా, డీజిలు డబ్బా, పురుగుమందు, క్లోరిన్ డబ్బా అన్నీ ఒకే మూలన ఉంటాయి. యూరియాతో గాని, నూనెలతో గాని క్లోరిన్ పొడి కలిస్తే మంటలూ పేలుడూ సంభవించవచ్చు. ప్రతి డబ్బా మీదా తెలుగులో పెద్ద అక్షరాలతో పేరు, “దేనితోనూ కలపరాదు” అన్న మాట రాయించండి. చదువు రానివారు పనిచేసే చోట డబ్బాకూ దాని కొలత గిన్నెకూ ఒకే రంగు పూయండి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు కొనిచ్చి, వాటిని వాడటం దగ్గరుండి నేర్పండి. వీటన్నిటికీ అయ్యే ఖర్చు కొలనులో పరచిన టైల్స్‌లో ఒక వరుస ఖరీదుకు మించదు.

మరో రెండు జాగ్రత్తలు. కొలను నీటిని మార్చేటప్పుడు తిన్నగా వాగులోకి వదలకండి. అతి స్వల్ప క్లోరిన్ కూడా చేపలను చంపుతుంది. దిగువన ఆ వాగులో చేపలు పట్టుకునేవారు, పశువులకు నీరు పెట్టేవారు ఉంటారు. మందు వేయడం ఆపి, నీటిని కొన్ని రోజులు ఎండకు వదిలి, పరీక్షలో క్లోరిన్ శూన్యమని తేలాక తోడండి. మైలుతుత్తం వేసిన నీటికి ఈ ఉపాయం పనిచేయదు, ఎండకు రాగి పోదు.

రెండవది వరదల వేళకు సంబంధించినది. 2022 జూలైలో గోదావరి భద్రాచలం వద్ద మళ్ళీ 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరులో మున్నేరు ఖమ్మం ఇళ్ళలోకి వచ్చింది. అటువంటప్పుడు సదుద్దేశంతోనే అయినా ఈతకొలను బిళ్ళలను తాగునీటి బావిలోనో ట్యాంకులోనో వేయకండి. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ ఇచ్చే క్లోరిన్ మాత్రలు తాగునీటి కోసమే తయారైనవి, వాటి మోతాదు వేరు. బురద నీటిని ముందు పటికతో గాని, మన గూడేలలో తరతరాలుగా చేస్తున్నట్లు చిల్లగింజ అరగదీసి గాని తేర్చి, వడకట్టి, ఆ తరువాతే మాత్ర వేయాలి. బురదలో వేసిన క్లోరిన్‌ను బురదే తినేస్తుంది.

మనుమల కోసం కొలను కట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఈత మంచి వ్యాయామం, ప్రతి బిడ్డా నేర్చుకోదగిన విద్య. ఈ వేసవికి మందు కొనబోయే ముందు ఒక సాయంత్రం మీ తోటలో పనిచేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని షెడ్డులో ఉన్న డబ్బాలన్నీ బయటికి తీయండి. ఒక్కొక్కదాన్ని చదివి అతనికి వినిపించండి. ఏది దేనితో కలపకూడదో అతని నోటితో తిరిగి చెప్పించుకోండి. అతను తడుముకోకుండా చెప్పగలిగిన రోజున దుకాణానికి వెళ్ళండి.